రెండో తెల్లకాగితం

"సంతకం నాదే అన్నా. కాని గా లెటర్ మీద నేను పెట్టలే."

శ్రీవాణి ఈ మాట అనడం మూడోసారి. మూడుసార్లూ అదే గొంతు, అవే మాటలు. అబద్ధం చెప్పేవాళ్ళు మూడోసారికి ఏదో ఒక తోక తగిలిస్తారు. కడపలో పదకొండేళ్ళు ఎస్సైగిరీ వెలగబెట్టి, ఆ తర్వాత గల్ఫ్‌కొచ్చి అల్ ఖువైర్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి యాక్సిడెంట్ క్లెయిముల కూపీ లాగే ఉద్యోగంలో చేరిన నసీరుద్దీన్‌కి ఆపాటి తెలుసు. మనిషి నిజమే చెబుతోంది. మరి కాగితం ఎందుకు అబద్ధం చెబుతోంది?

గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. అజైబా దగ్గరి స్కూల్లో ఎన్నికల ఆఫీసుగా మార్చిన డ్రాయింగు క్లాసు గది. శనివారం తల్లిదండ్రులంతా ఓట్లేసి స్కూల్ బోర్డు మెంబర్లను ఎన్నుకుంటారు. బ్యాలెట్ కాగితం ఇవాళ నాలుగింటికి ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. నిన్న రెండుంబావుకి ఈ గది బయట ఉన్న పెట్టెలో ఒక కవరు పడింది. అందులో ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు వరసలు. సొంత కారణాల వల్ల పోటీ నుంచి తప్పుకుంటున్నానని. కింద శ్రీవాణి సంతకం. ఉపసంహరణ గడువు మూడింటికి ముగుస్తుందనగా వచ్చింది కాబట్టి ఆమె పేరు కొట్టేశారు. ఇవాళ నాలుగులోపు ఆ లెటరు దొంగదని తేల్చకపోతే ఆమెకి ఎన్నికా లేదు, ఇంకో రెండేళ్ళ దాకా అడిగే హక్కూ లేదు.

ఆమెకి బోర్డు మెంబరునని చెప్పుకునే సరదా ఏమీ లేదు. బౌషర్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. సెప్టెంబరులో ఒకరోజు డ్యూటీ దిగి, కూతుర్ని తీసుకెళ్దామని స్కూలుకొచ్చి, వెనకాల యార్డులో తాళమేసి ఉన్న బస్సు అద్దం మీద చిన్న అరచెయ్యి చూసింది. ఎల్కేజీ పిల్లాడు. నిద్రపోతే చూసుకోకుండా బస్సుకి తాళమేసి పోయారు. అద్దం పగలగొట్టి బయటికి లాగింది ఆమే. పిల్లాడు బతికాడు. ప్రతి బస్సులోనూ ఒక ఆయా ఉండాలి, తాళమేసే ముందు సీటు సీటూ చూడాలి అని ఆమె ఫిర్యాదు పెట్టింది. ఆ ఫిర్యాదు మీద నాలుగు నెలలుగా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందుకే నిలబడింది.

కాదు, నిలబెట్టారు. నిలబెట్టింది నసీరుద్దీనే. ఆ బస్సులకు ఇన్సూరెన్స్ చేసింది తన కంపెనీయే కాబట్టి తను నోరెత్తితే ఉద్యోగానికి ఎసరు. "నువ్వు నిలబడమ్మా, వెనకాల నేనుండా" అని ఆమెని ముందుకు తోశాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే అతనికి సిగ్గేసింది.

"నసీరుద్దీన్ గారూ, తమరొచ్చింది పేరెంటుగానా, పోలీసుగానా?"

టేబులు అవతల కూర్చున్నది దేవదాసు. ఈసారి ఎన్నికల అధికారి. తెనాలి మనిషి, ఉద్యోగం ఆడిటరు. రెండేళ్ళ కిందట నసీరుద్దీన్ రాసిన ఒక క్లెయిము రిపోర్టులో తేదీ తప్పు పట్టుకుని, నలుగురిలో చదివి వినిపించిన ఘనుడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పే.

"సమీయుల్లాను పిలిపించినారా?" అన్నాడు నసీరుద్దీన్. శ్రీవాణికి పోటీగా నిలబడ్డది సమీయుల్లా. "ఈయమ్మ పేరు పోతే లాభం ఆయనకే గదా."

"పొద్దున్నే తమరు ఫోన్ చేసి ఆయన్ని దొంగ అన్నారటగా. పాపం, ఇక్కడికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండీ. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన రెండొందల కిలోమీటర్ల అవతల సోహార్‌లో మీటింగులో ఉన్నాడు. టోపీ దొరికితే చాలు, ఎవరో ఒకరి నెత్తిన పెట్టెయ్యడమేనా?"

నసీరుద్దీన్ లెటరు అందుకుని కిటికీ దగ్గరికెళ్ళాడు. నాలుగు వరసలూ కాగితం పైభాగంలో అయిపోయాయి. సంతకం మాత్రం అట్టడుగున, అంచుకి రెండు వేళ్ళ ఎత్తులో. మధ్యలో జానెడు ఖాళీ. లెటరు రాసి సంతకం పెట్టినవాడు అంత కిందికి పోడు.

"చూసినారా, ఈ ఖాళీ?"

"చూడకేం. నాకూ కళ్ళున్నాయండీ. ముందు తెల్లకాగితం మీద సంతకం, తర్వాత పైన టైపు. అంతేగా తమరనేది?" దేవదాసు శ్రీవాణి వైపు తిరిగాడు. "అలాగైతే ఆ తెల్లకాగితం ఎవరికిచ్చారో చెప్పండమ్మా. పేరు చెబితే ఇప్పుడే తేలిపోతుంది."

శ్రీవాణి తల దించుకుంది. "యాదికి లేదు సార్."

ఇందాకటి గొంతు కాదది. ఇది అబద్ధం. నసీరుద్దీన్ గబుక్కున ఆమెని చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు. అప్పుడు కనబడ్డాయి. ఎడమ చేతి పై మూలలో, ఏటవాలుగా, పక్కపక్కనే రెండు స్టేప్లర్ పిన్నుల చిల్లులు.

"ఆ చిల్లులేంటో నాకు అంతు చిక్కలేదు," అన్నాడు దేవదాసు. "ఒకే కాగితానికి రెండు పిన్నులెందుకు కొడతారండీ ఎవరైనా?"

ఎవరైనా కొట్టరు. నసీరుద్దీన్ కొడతాడు. క్లెయిము ఫైళ్ళలో ఒక్క పిన్ను ఊడొచ్చి కాగితాలు పోతాయని, ఏటవాలుగా రెండు కొట్టడం అతనికి ఇరవయ్యేళ్ళ అలవాటు. సెప్టెంబరులో ఫిర్యాదు టైపు చేయించేటప్పుడు శ్రీవాణికి డ్యూటీ వదలదు, మళ్ళీ మళ్ళీ సంతకానికి రాలేదు. ఇక్కడి మనవాళ్ళంతా చేసే పనే అతనూ చేశాడు. రెండు తెల్లకాగితాల మీద అడుగున సంతకం పెట్టి పంపమన్నాడు. ఒకటి పాడైతే ఇంకోటి. మొదటిది ఫిర్యాదు అయింది. రెండోదానికి ఆమె కార్డు జిరాక్సు రెండు పిన్నులతో కొట్టి ఫైల్లో పడేశాడు. పడేసి, మర్చేపోయాడు.

"ఏదో పాత కాగితమై ఉంటాదిలెండి," అన్నాడు. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలుండదు.

శ్రీవాణి ఇంకా తల ఎత్తలేదు. పిచ్చితల్లి, నా పేరు చెప్పలేక దాస్తోంది అనుకున్నాడు. తన ఎన్నిక పోయినా సరే, అన్న పరువు పోకూడదనుకుంటోంది. ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉంటే సగం పీడ వదిలేది. దేవదాసు ముందు తలవంచడానికి మనసొప్పలేదు.

"నాలుగు దాకా నాకు టైమియ్యండి," అని లేచాడు.

"నాలుగంటే నాలుగే. ఒక్క నిమిషం కూడా ఆగనండీ. తమరి రిపోర్టుల్లోలా తేదీలు మార్చడం నాకు రాదు."

*

జావెద్ టైపింగ్ ఆఫీసు బౌషర్‌లో. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి. వీసా ఫారాలు, అద్దె కాగితాలు, క్లెయిము అర్జీలు అన్నీ అతని దగ్గరే. నసీరుద్దీన్ ఫైళ్ళకి అక్కడొక అరే ఉంది. రెండింటికి అయిదు నిమిషాలుండగా తలుపు తోసుకుని లోపలికొచ్చి, "శ్రీవాణి కాగితం," అన్నాడంతే.

"గా లెటర్ సంగతి పొద్దుగాల విన్న. నేను టైపు కొట్టలే భాయ్! ఖుదా కసమ్, నేను కొట్టలే!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నసీరుద్దీన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"కొట్టినావని నేననలేదే. కాగితం యాడుండాది?"

"ఇచ్చేసిన."

"ఎవరికి? ఎవర్నడిగి ఇచ్చినావురా?"

జావెద్ అతన్ని విచిత్రంగా చూశాడు. "మిమ్మల్నే అడిగిన గద భాయ్."

"నన్నా?"

జావెద్ ఫోను తీసి, బుధవారం కాల్స్ చూపించాడు. పదకొండూ ఇరవై. నసీర్ భాయ్. ఇరవై రెండు సెకన్లు. "'తెలిసినోడే వచ్చిండు, శ్రీవాణి మేడమ్ ఖాళీ కాగితం అడుగుతుండు, ఇయ్యాల్నా' అన్న. మీరేమో 'ఇచ్చెయ్‌రా, ఇచ్చెయ్, నాకు పనుండాది' అని కట్ చేసిన్రు."

నసీరుద్దీన్‌కి గుర్తొచ్చింది. నిన్న పదకొండున్నర ప్రాంతంలో ఒక రౌండెబౌట్ పక్కన, టైర్ల గీతలు టేపుతో కొలుస్తున్నాడు. ట్రక్కుల రొద. ఏదో క్లెయిము కాగితం గురించి అనుకుని రెండు మాటలు అని పెట్టేశాడు. దొంగని వెతుక్కుంటూ ఊరంతా తిరిగి తన గుమ్మం ముందుకే వచ్చాడన్నమాట. కాగితం దాచినవాడు తను, ఇవ్వమన్నవాడూ తనే. పొద్దున్నే సమీయుల్లాని పట్టుకుని దొంగ అన్న నోరూ ఇదే.

"వచ్చినోడెవరు?"

"బతాకా కాపీ తీసుకున్న భాయ్. కార్డు కాపీ లేకుండ నేను చీటీ గూడ ఇయ్య." జావెద్ సొరుగులోంచి జిరాక్సు తీసి ముందు పెట్టాడు.

నసీరుద్దీన్ రెసిడెంట్ కార్డు మీది ఫోటో చూశాడు.

నర్సింగ్. శ్రీవాణి భర్త. జగిత్యాల వైపు నుంచి సైటు కూలీగా వచ్చి, డ్రైవరై, ఇప్పుడు ఆ స్కూలు బస్సుల కంపెనీలోనే సూపర్వైజరు. సెప్టెంబరులో ఆ రెండు తెల్లకాగితాలూ భార్య దగ్గర్నుంచి తెచ్చి ఇక్కడ ఇచ్చింది కూడా అతనే. అందుకే రెండోదాని సంగతి తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జిరాక్సు మిషను పట్టుకుంది.

"భాయ్, నాకేమన్న గడ్‌బడ్ అయితదా?" అన్నాడు జావెద్ భయంగా.

"నీ తప్పేం లేదులే."

జిరాక్సు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కారులో కూర్చుని ఏసీ వేసుకుని, కదలకుండా ముప్పావుగంట గడిపాడు. పేరు చెబితే శ్రీవాణికి బ్యాలెట్ దక్కుతుంది, కాపురం పోతుంది. చెప్పకపోతే ఆ అరచేతి గురించి అడిగే మనిషి బోర్డులో ఉండదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. తప్పంతా తన నెత్తినే వేసుకుంటాడు. కాగితం తన దగ్గరుందని, పోగొట్టుకున్నానని రాసిస్తాడు. తీసుకున్నవాడి పేరు మాత్రం చెప్పడు. ఉద్యోగం పోతే పోనీ. ఈ ఒక్కటన్నా సక్రమంగా చెయ్యాలి.

*

మూడూ ముప్పై ఒకటికి దేవదాసు ముందు నిలబడి మొత్తం చెప్పాడు. రెండు తెల్లకాగితాలు, రెండు పిన్నులు, ఇరవై రెండు సెకన్ల ఫోను. చెబుతున్నంతసేపూ దేవదాసు మొహంలో ఎకసెక్కం కనబడుతుందని ఎదురుచూశాడు. కనబడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మధ్యాహ్నం ఆ చిల్లులు చూసినప్పుడే తమరికి తెలుసు," అన్నాడు దేవదాసు.

"తెలుసు."

"ఇలా ఎంతమంది సంతకాలు పెట్టుకుని తిరుగుతున్నారు తమరు?"

"ఇదొక్కటే. ఇదే ఎక్కువైంది."

"సరే. తీసుకెళ్ళింది ఎవరు?"

"తెలీదు."

దేవదాసు కలం మూత పెట్టేశాడు. "అలా కుదరదండీ. కాగితం మీ దగ్గరుందని మీరంటే సరిపోతుందా? ఆవిడే మిమ్మల్ని అడిగి తీసుకుని టైపు కొట్టించుకుని, రాత్రికి మనసు మార్చుకుందేమో. తీసుకున్న మనిషి నాక్కావాలి. లేకపోతే లెటరు చెల్లుతుంది."

"మనిషి తెలీదంటాండా గదా!"

"అయితే నేనేం చెయ్యలేను."

గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. నసీరుద్దీన్ చెయ్యి అతనికి తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. వెంటనే తీసేశాడు.

"తియ్యుండ్రి అన్నా," అంది శ్రీవాణి. "జేబుల ఉన్నది తియ్యుండ్రి."

ఉలిక్కిపడి తిరిగాడు.

"నాకెరుకే. నిన్న మాపటేల ఇంటికొచ్చి అన్నం తినలే మనిషి. పాపను ఒళ్ళ పండుకోబెట్టుకుని అట్లనే కూసున్నడు. నా మొకం చూడలే. పొద్దుగాల పేరు కొట్టేసిన్రని తెలిసినప్పుడే అర్థమైంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయినా మిమ్మల్ని పిలిచిన. వేరేటోడెవడన్న చేసిండని మీరు చెప్తరని ఆశ పడ్డ అన్నా. మధ్యాహ్నం యాదికి లేదన్నది గూడ గందుకే."

తనని కాపాడుతోందనుకున్నాడు! నసీరుద్దీన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. జిరాక్సు తీసి టేబులు మీద పెట్టాడు.

నర్సింగ్ దూరాన ఏం లేడు. స్కూలు వెనక యార్డులోనే బస్సులు లెక్క చూసుకుంటున్నాడు. దేవదాసు కబురంపితే మూడూ నలభై నాలుగుకి పసుపుపచ్చ జాకెట్టుతో గదిలోకొచ్చి, ముందు భార్యని చూసి, తర్వాత టేబులు మీది తన కార్డు కాపీని చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కాగితం తీసుకెళ్ళింది మీరేనా?" అన్నాడు దేవదాసు.

"నేనే సార్."

"టైపు?"

"మా ఆఫీసుల. మేనేజరే కొట్టించిండు. నీ భార్య పేరు పోవాలె, లేకుంటే నీ వీసా పోతది అన్నడు."

"నన్నడిగితే అయిపోవు గద," అంది శ్రీవాణి.

"అడిగితే నువ్వు వినవు."

దేవదాసు ఒక కాగితం మీద రెండు వరసలు రాసి సంతకం పెట్టాడు. లెటరు చెల్లదు, అభ్యర్థి పేరు యథాతథం. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ అతనికి కోపం తీరలేదు. ఫిర్యాదు ఫైలు తీసి నర్సింగ్ ముందుకి జరిపాడు.

"సంతకం దొంగిలించేముందు ఇదొకసారి చదవాల్సిందండీ తమరు. ఆవిడ దేనికి నిలబడిందో తెలుసా? పసిపిల్లాడయ్యా! నలభై నిమిషాలు మీ బస్సులో ఉడికిపోయాడు!"

"నలభై కాదు సార్!" నర్సింగ్ అరిచినంత పని చేశాడు. "ముప్పై రెండు. ముప్పై రెండు నిమిషాలే."

దేవదాసు ఫైలు మూసేశాడు. శ్రీవాణి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఇద్దరూ ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకున్నది నసీరుద్దీన్ ఒక్కడే. నలభై అన్నది తను అందాజుగా రాయించిన లెక్క. పిల్లాణ్ణి బయటికి తీసింది ఒంటిగంటా అయిదుకి, అది అందరికీ తెలుసు. తాళం ఎప్పుడు పడిందో మాత్రం ఎవరికీ తెలియదు. టెంపరరీ డ్రైవరు, వాణ్ణి ఊరికి పంపేశామని కంపెనీ చేతులు దులిపేసుకుంది. ఆ లెక్క నిమిషాలతో సహా చెప్పగలవాడు లోకంలో ఒక్కడే ఉంటాడు.

నోరు మూసుకోవచ్చు. శ్రీవాణి పేరు బ్యాలెట్ మీదికి ఎలాగూ వచ్చేసింది. అడగకపోతే ఆమె ఈ సాయంత్రం ఈ మనిషితోనే ఇంటికి వెళుతుంది, తిట్టుకుంటుంది, ఏడుస్తుంది, ఎప్పటికో క్షమిస్తుంది. కానీ మధ్యాహ్నం నుంచీ నోరు మూసుకునే గదా ఇంత దూరం వచ్చింది.

"నర్సింగ్, ముప్పై రెండని నీకెట్ల తెలుసు?"

నర్సింగ్ భార్య వైపు చూశాడు.

"తాళం ఎన్నింటికి ఏసినావు?"

"పన్నెండు ముప్పై మూడుకు." అప్పుడు కూర్చున్నాడు, కుర్చీలో కాదు, నేల మీద. "ఆ దినం డ్రైవర్ రాలే భాయ్. నేనే బండి తీసిన. పోరలు మొత్తం దిగిన్రనుకున్న. ఎనక సీటు చూడలే. గేటు బుక్కుల టైం రాసి తాళం ఏసిన. మేనేజర్ ఆ పేజీ చింపిండు. బోర్డుల ఈమె కూసుంటే పాత బుక్కులన్ని బయటికొస్తయి, జైలుకు పోయేది నువ్వే అన్నడు. మీ ఫిర్యాదు కాగితం గూడ నేనే మోసుకొచ్చిన గద. తోవ పొడుగూత చింపేద్దామనుకున్న. చేతులు రాలే."

శ్రీవాణి లేచి అతని ముందుకొచ్చి నిలబడింది. అరవలేదు.

"నేను అద్దం పలగ్గొట్టి పిల్లగాన్ని ఎత్తుకున్నప్పుడు నువ్వేడున్నవ్?"

"గేటుకాడ."

"చూసినవా?"

"చూసిన."

ఫోను మోగింది. దేవదాసు ఎత్తి, "ఒక్క నిమిషం," అని అరచెయ్యి అడ్డం పెట్టాడు. మూడూ యాభై ఏడు. ఒక్క నిమిషం కూడా ఆగనన్న మనిషి గొంతు మెత్తబడింది.

"ప్రెస్సు వాళ్ళమ్మా. పేరు తీసెయ్యమన్నా ఎవరూ తప్పుపట్టరు. మీ ఇష్టం."

"ఉంచుండ్రి."

దేవదాసు ఫోన్లో ఆమె పేరు చెప్పి పెట్టేశాడు.

"ఫిర్యాదుల డ్రైవర్ పేరు కాడ ఏమున్నది సార్?"

"ఖాళీగా ఉందమ్మా."

"నింపుండ్రి."

నసీరుద్దీన్ ఫైలు ముందుకు లాక్కుని కలం తీశాడు. పేరు అతనికి తెలుసు, గదిలో అందరికీ తెలుసు. అయినా చెయ్యి కదలలేదు. ఈమెని నిలబడమని తోసింది తను. ఈ గదిలోకి ఈడ్చింది తను. ఇప్పుడు ఆమె తరఫున ఒక్క అక్షరం రాసే ధైర్యం కూడా చాల్లేదు.

"ఫిర్యాదుదారు నోటితోనే చెప్పాలండీ," అన్నాడు దేవదాసు మెల్లిగా. "రూలు."

నసీరుద్దీన్ ఆమెని ఆరేళ్ళుగా ఎరుగును. పాపవాళ్ళ డాడీ అంటుంది, ఇంటాయన అంటుంది, ఎదురుగా ఉంటే ఇగో అని పిలుస్తుంది. మొగుడి పేరు ఆమె నోట అతను ఒక్కసారి కూడా వినలేదు.

శ్రీవాణి నేల మీద కూర్చున్న మనిషిని చూస్తూ, "నర్సింగ్," అంది.

నసీరుద్దీన్ రాసుకున్నాడు.